గడప దాటేముందు పిలవాల్సిన పేరు

రీ

బాగున్నారా? మీరు వెళ్లిపోయి పది నెలలు దాటింది. ఇన్నాళ్లూ మీకు ఒక్క మాట కూడా రాయలేదు. మాట్లాడటం నాకు ఎలాగూ రాదు, రాయడమైనా చేయాల్సింది... కూర్చున్న ప్రతిసారీ మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

ఉత్తరం రాసేటప్పుడు ముందు అవతలివాళ్ల పేరు రాసి, పక్కన కామా పెట్టాలని బళ్లో సిస్టర్ నేర్పింది. చూడండి, ఇప్పుడు కూడా పేరు రాయలేదు. 'రీ' అని రాశాను. కామా కూడా మరిచిపోయాను.

రేపు ఈ బళ్లారి ఇల్లు ఖాళీ చేస్తున్నాం. నేనూ పిల్లలూ మైసూరు వెళ్లిపోతున్నాం. అత్తమ్మ రావడం లేదు.

ఇలా ఒక్కసారిగా చెప్పకూడదేమో. మీకు ఏ సంగతైనా టీ ఇచ్చి, మీరు సగం తాగాక చెప్పాలి. ఇప్పుడు ఆ వీలు లేదు కదా.

తేజు దగ్గు తగ్గలేదు. మీరున్నప్పుడు చలికాలంలో మాత్రం వచ్చేది. ఈ ఏడు ఎండాకాలంలోనూ వదల్లేదు. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. డాక్టరు మందులు మార్చి మార్చి, చివరికి ఊరు మార్చి చూడండమ్మా అన్నాడు. ఆయన గది కిటికీ అద్దం కూడా గని దుమ్ముతో ఎర్రగానే ఉంది. ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఆ దగ్గు మీ టిప్పరు వెంట వచ్చిన దుమ్ము వల్లే అని ఎవరూ అనలేదు. నేనూ అనడం లేదు. ఆ ఇనుప ఖనిజం మట్టే మనకు అన్నం పెట్టింది. ఆ మట్టిని యశ్వంతనగర్ నుంచి లోడు చేసుకొని వస్తూనే, ఘాట్ మలుపులో మీరు...

ఆ మాట ఇంకా పూర్తిగా రాయలేను.

నాకు చదువు చెప్పిన సిస్టర్లకే మైసూరులో ఇంకో బడి ఉంది. అక్కడి లైబ్రరీలో నాకు పని ఇచ్చారు. పుస్తకాలకు అట్టలు వేయడం, నంబర్లు రాయడం, పిల్లలకు ఇవ్వడం, తీసుకోవడం. ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. మీరుంటే, "నీకోసమే పుట్టించినట్టుండాదే ఈ పని" అనేవారు. శ్రావణికీ తేజుకీ అదే బళ్లో సీటు.

ఇల్లు చూడటానికి నేను ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. నమ్ముతారా? రైల్లో కిటికీ పక్కన కూర్చొని, ఎవరైనా పలకరిస్తారేమోనన్న భయంతో మైసూరు దాకా పుస్తకం మూయలేదు. మేడ మీద రెండు గదులు. కిటికీ పక్కన ఏదో చెట్టు. ఆకులు ఆకుపచ్చగా ఉన్నాయి. ఆకులు ఆకుపచ్చగా ఉండటం కూడా ఒక వింతేనా అంటారు... మన వీధిలో వేపచెట్టును గుర్తు చేసుకోండి.

అలవాటు కొద్దీ కిటికీ గట్టు మీద వేలితో రాసి చూసుకున్నాను. వేలికి ఏమీ అంటలేదు.

ఇంటామె నన్ను చూసి, చాలా శుభ్రమైన మనిషి అనుకున్నట్టుంది. నేను మాత్రం ఆ వేలిని చూసుకుంటూ నిలబడిపోయాను. మన ఇంట్లో మీరు ఎక్కడెక్కడ ఉన్నారో నాకు తెలుసు. మీరు చేయి ఆనించే గోడ, మీరు చెప్పులు విడిచే మూల, ఎన్ని ఉతుకులు ఉతికినా తెల్లబడని మీ చొక్కా కాలర్లు. అన్నీ ఎర్రటి గుర్తులే. అంత తెల్లటి ఇంట్లోకి మీరు ఎలా వస్తారు? దారి ఎవరు చెప్తారు?

నిజం చెప్పనా? ఆ గదుల్లో నిలబడి ఒక క్షణం సంతోషపడ్డాను. గోడకు పుస్తకాల అలమర ఉంది. మీరు లేకుండా సంతోషపడొచ్చా?

పిల్లల సంగతి చెప్తాను. ఇల్లు మారే పనంతా శ్రావణి చేతిలోకి వెళ్లిపోయింది. ఏ గిన్నె వస్తుందో, ఏది రాదో అదే చెప్తోంది. అత్తమ్మ పెట్టిన రాగి చెంబును నేను తీసి పక్కన పెడితే, శ్రావణి మళ్లీ మూటలో పెట్టింది. మైసూరులో తెలుగు ఎవరితో మాట్లాడాలి అని అడిగింది మొన్న. మనతో మనమే అన్నాను. "నువ్వు మాట్లాడవు కదా" అంది. అది మీ కూతురే, అనుమానం లేదు. అందుకే ఈ మధ్య అన్నం తినేటప్పుడు నేను కూడా నాలుగు మాటలు మాట్లాడుతున్నాను. ముందుగా అనుకొని మరీ మాట్లాడుతున్నాను. అయినా మాటలే కదా...

తేజుకి ఒకటే దిగులు, మన వీధి కుక్క. మొన్న పెద్ద వాన కురిసింది. వాన వెలిశాక ఆ కుక్క తెల్లగా మెరిసిపోతూ గేటు దగ్గరికి వచ్చింది. ఇది మన కుక్క కాదు, మన ఎర్రకుక్క ఎక్కడికో పోయిందని వాడు ఏడుపు. అదే ఇది అంటే వినడు. రెండు రోజుల్లో అది మళ్లీ ఎర్రగా అయ్యాక గానీ వాడి మనసు కుదుటపడలేదు.

మైసూరులో మిమ్మల్ని కూడా అలాగే పోల్చుకోలేకపోతాడేమో... దుమ్ము లేని నాన్నను వాడు ఎప్పుడు చూశాడు గనక?

మీ తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. ఆడమనిషివి, ఇద్దరు పిల్లలతో ముక్కూమొహం తెలియని ఊళ్లో ఎట్లుంటావు వదినా అన్నాడు. నేను బట్టలు మడత పెడుతూనే ఉన్నాను. ఏమనుకున్నాడో, మర్నాడు వచ్చి సామాను తన బండిలోనే తోలిస్తానన్నాడు. నిన్న ఆ లారీని రెండుసార్లు కడిగించాడు. అయినా అడుగు చెక్కలు ఎర్రగానే ఉన్నాయి. దుప్పట్లు పరిచి, పైన సామాను పెట్టారు. అత్తమ్మ ఇకనుంచి అతనితో యశ్వంతనగర్‌లో ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మన ఊరి ఇల్లు వదిలి ఈ గాంధీనగర్ ఇంటికి వచ్చిన రోజు మీకు గుర్తుందా? చేలు ఖనిజం కుప్పలు పోసుకోవడానికి ఇచ్చేశాక ఆ ఊళ్లో ఇంకేం పని అన్నారు మీరు. శ్రావణి నా చంకలో ఉంది. సామానంతా ఎక్కించాక అత్తమ్మ గడప అవతల నిలబడి, ఇంట్లోకి చూస్తూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. పేరు పెట్టి పిలవకపోతే మనిషి వచ్చినా ప్రాణం ఆ ఇంట్లోనే నిలిచిపోతుందట. పోయినవాళ్లు కూడా అంతే. ఆ ఇంట్లో అన్నం తిన్న అందరినీ పిలవాలి. బర్రెను కూడా పిలిచింది. నాకు నవ్వు వచ్చింది, తల దించుకున్నాను.

మీరు నా చెవి దగ్గరికి వచ్చి అన్నారు. "మా యమ్మ సూడు, మీ సిస్టరమ్మల మాదిరి హాజరు తీసుకుంటాండాది."

అప్పుడే ఆమె మీ పేరు పిలిచింది. మీరు చేతులు కట్టుకొని, బడిపిల్లాడిలా నిలబడి, "ప్రెజెంట్ మిస్" అన్నారు. లారీ పక్కన నిలబడ్డ వాళ్లంతా నవ్వారు. అత్తమ్మకు అర్థం కాలేదు. బదులు పలికావు కదా, చాలు అంది.

రేపు ఈ గడప దగ్గర అలా పిలవాలి. ఎవరు పిలవాలి?

ఈ నెల రోజులుగా నన్ను తొలుస్తున్నది ఇదే. అత్తమ్మ మైసూరుకి రానన్నప్పటి నుంచి నాకు ఒకటే భయం. ఆమె పిలిస్తే మీరు ఆమె వెంట యశ్వంతనగర్ వెళ్తారు. ఆమె మీ తల్లి. మీ పేరు పెట్టిందే ఆమె. ఎన్ని వేలసార్లు పిలిచి ఉంటుందో... నేనో? ఒక్కసారి కూడా పిలవలేదు.

ఇదంతా నమ్ముతావా అని అడగకండి. సిస్టర్ల దగ్గర చదువుకున్నాను, నాకూ తెలుసు. కానీ మిమ్మల్ని ఆఖరిసారి తెచ్చినప్పుడు గడప లోపలికి తేలేదు. బయట పోయినవాళ్లను తేకూడదన్నారు. వాకిట్లో నుంచే తీసుకెళ్లిపోయారు. ఆయన ఇంట్లోకి రాలేదు కదా అత్తమ్మా అని చాలా రోజుల తర్వాత అడిగాను. "తిన్న కంచం యాడుంటే ఆడికే వస్తాడు" అంది. ఆ రోజు నుంచి నేను మీ కంచం కడిగి అదే చోట బోర్లిస్తున్నాను. నమ్మకం లేనిదాన్ని ఆ పని ఎందుకు చేస్తున్నాను?

మీ పేరు పలకకపోవడం నా తప్పు కాదు. ఈ ఇంటి కోడళ్లు పలకరు. పేరే కాదు, పేరులాంటి మాట కూడా పలకరు. మావయ్య పేరు మల్లప్ప అని అత్తమ్మ ఈనాటికీ మల్లెపూలు అనదు, వాసనపూలు అంటుంది. పెళ్లయిన కొత్తలో నన్ను కూర్చోబెట్టి, ఇకనుంచి 'పంపు' అనకూడదని చెప్పింది. పిల్లల్ని బడికి పంపడం లేదు నేను, 'తోలుతున్నాను'. మా అమ్మగారింట్లో పశువుల్ని తోలేవాళ్లు.

బోరు చెడిపోయిన రోజు మెకానిక్కుతో, నీళ్లను పైకి తెచ్చేది పాడైందని చెప్పాను. బక్కెట్టా అమ్మా అన్నాడు. కాదన్నాను. తాడా అన్నాడు. మీరు లోపలి గదిలో దిండు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నారు. బయటికి వచ్చి సాయం చేయాల్సింది పోయి...

ఆ రోజు రాత్రి అన్నం తింటూ అన్నారు. "నా పేర్లో సగం పంపు, సగం పతి. యా సగం చెప్పేకి నీకు సిగ్గు?"

రెండు సగాలకీ సిగ్గే. ఇప్పుడు చెప్తున్నాను.

పక్కింటి కన్నడ ఆమె వాళ్లాయనను పిలవడం విని నేను 'రీ' నేర్చుకున్నాను. చిన్న మాట, నోరు పెద్దగా తెరవనక్కర్లేదు. అత్తమ్మకు నచ్చలేదు కానీ ఊరుకుంది. దసరాకు బట్టలు కొనడానికి బెంగుళూరు రోడ్డుకు వెళ్లినప్పుడు మీరు జనంలో ముందుకు వెళ్లిపోయారు. నేను ధైర్యం చేసి, రీ, అని గట్టిగా పిలిచాను. ఎంతమంది మగవాళ్లు వెనక్కి తిరిగారో! మీరు ఒక్కరే తిరగలేదు. తర్వాత చీర కొంగుతో మొహం తుడుచుకుంటుంటే అన్నారు. "రీ అంటే బళ్లారిలో సగం మంది తిరుక్కుంటారు గదే. దాంట్లో నేనెవురని నాకెట్ల తెలియల్ల? పేరు పెట్టి పిల్చు, యాడున్నా వస్తా."

యాడున్నా వస్తా... మీరే అన్నారు కదా.

మీరు పోయాక ఒక ఆఫీసులో కిటికీ వెనకాల నుంచి 'గండన హెసరు?' అని అడిగారు. మొగుడి పేరు. వరసలో వెనక చాలామంది ఉన్నారు. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. కాగితం తిప్పి, మీ పేరు రాసి ఉన్న చోట వేలు పెట్టి చూపించాను. పాపం, మాట రాదేమో అని కన్నడంలో పక్కవాళ్లతో అన్నారు. కాదని కూడా చెప్పలేదు నేను.

నిన్న మధ్యాహ్నం అత్తమ్మ, నేను గిన్నెలకు పాత చీరలు చుడుతున్నాం. పిల్లలు బయట కుక్కకు వీడ్కోలు చెప్తున్నారు. ఆమె కొన్ని రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. కోపం అనుకున్నాను. రేపు ఎవరు పిలుస్తారని అడుగుదామని నాలుగైదుసార్లు నోటి దాకా వచ్చింది. అడగలేదు.

ఆమే అంది, నా వైపు చూడకుండా. "నేను పిలిస్తే వాడు నా ఎంబడే వస్తాడమ్మే. నాకు తెలుసు. చిన్నప్పట్నుంచీ నా కొంగు పట్టుకోని తిరిగినోడు."

నేను గిన్నె కింద పెట్టాను.

"అందుకే నేను పిల్చను. నువ్వు పిలువు. పిల్లోళ్లకి నాయన కావల్ల."

ఆమె చేయి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. మీకు తెలుసు కదా నా సంగతి.

తర్వాత నాకు మీ పేరు పలకడం నేర్పింది. నిజంగానే, అక్షరాలు నేర్పినట్టు. ముందు 'పంపు' అనమంది. నోరు తెరిచాను, గాలి వచ్చింది. ఇంకోసారి అనమంది. ఈసారి మాట వచ్చింది, ఎవరో వేరేవాళ్ల గొంతులా ఉంది. "నీళ్ల పంపుకే ఇంతసేపయితే మొగునికి ఎంతసేపు పడ్తాదో" అంది. ఇద్దరం నవ్వాం. ఈ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్లయిందో, పిల్లలు కుక్కను వదిలి లోపలికి వచ్చి చూశారు.

పేరు చివర గారు అని చేర్చాలా అని అడిగాను. "గారు అంటే యారో ఆపీసరు అనుకుంటాడు, రాడు" అంది.

నవ్వుతూనే గోడ వైపు తిరిగింది. అప్పుడు చెప్పింది, మీకు కూడా తెలియని సంగతి.

ఊరి ఇల్లు వదిలిన రోజు ఆమె అందరినీ పిలిచింది కదా... అప్పటికే పోయిన మావయ్యను మాత్రం పిలవలేదట. పేరు నోటికి రాలేదట. రాప్పా, రాప్పా అని మాత్రం అందట. ఏ అప్పను పిలుస్తోందో ఆయనకు ఎట్లా తెలుస్తుంది? ఆయన ఆ ఇంట్లోనే నిలబడిపోయాడని ఆమె నమ్మకం. ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఆ చోట ఖనిజం కుప్ప ఉంది, మేడంత ఎత్తున. పెద్దల అమావాస్యకు ఆమె విస్తరి ఊరి వైపుకు తిప్పి ఎందుకు పెడుతుందో నాకు ఇన్నేళ్లూ తెలియలేదు. మీరు ఎప్పుడైనా అడిగారా?

"ఆ కుప్ప కింద ఆయప్ప ఒక్కడే ఉండాడు. నీ మొగున్ని నువ్వట్ల ఇడిసిపెట్టొద్దు."

మళ్లీ అంది. నువ్వు పిలిచినాక, నేను పోయే మీ మరిది బండి ఊరి దావ మీదే పోతాది, ఆడ ఆపమంటా. ఆ కుప్ప దగ్గర నేనూ పిలుస్తా. "నువ్వు నా కొడుకును తోల్కపో. నేను ఆయప్పను తెచ్చుకుంటా. ఒక్కదాన్నేం ఉండను."

పిలవగలదా ఆమె? ఈ వయసులో, ఇన్నేళ్ల అలవాటు దాటి? పొద్దున తులసి దగ్గర నిలబడి పెదవులు కదుపుతోంది. మంత్రం అనుకున్నాను. దగ్గరికి వెళ్తే, మల్లెపూలు, మల్లెపూలు, అంటోంది మెల్లగా. నన్ను చూసి ఆపేసింది. నేను చూడనట్టు వచ్చేశాను.

ఇప్పుడు పిల్లలు నిద్రపోతున్నారు, మధ్యాహ్నం ఎండ ఇంకా దిగలేదు. ఇల్లంతా ఖాళీ. ఇక్కడ దగ్గితే అక్కడ వినిపిస్తోంది. గోడ మీద మీ చేయి ఆనిన చోటు అలాగే ఉంది. సున్నం వేస్తామని ఇంటాయన అన్నాడు. వేయనివ్వండి.

మీ కంచం మూట కట్టలేదు. చేతి సంచిలో పెట్టుకున్నాను, నా పుస్తకం పక్కన. పుస్తకం జారి కంచానికి తగిలినప్పుడల్లా చిన్న చప్పుడు వస్తోంది.

రేపు సాయంత్రం దీపాలు పెట్టకముందే గడప దాటాలని అత్తమ్మ చెప్పింది. రైలుకు ఇంకా చాలా సమయం ఉంటుంది, అయినా సరే. ముందు శ్రావణిని పిలుస్తాను. దానికి హాజరు సంగతి చెప్పాను, అప్పుడే చేతులు కట్టుకొని నిలబడి చూసుకుంది. తర్వాత తేజును. వాడు కుక్కను కూడా పిలవమన్నాడు. అది మనింట్లో అన్నం తిన్నదే కదా అన్నాడు. వాడన్నది నిజమే, ఏం చెప్పను? ఎర్రకుక్క వచ్చినా, తెల్లకుక్క వచ్చినా...

తర్వాత మిమ్మల్ని.

'రీ' అని మాత్రం పిలవను. ఈ బళ్లారిలో, ఈ లారీల దారుల్లో పోయిన మగవాళ్లు ఎంతమందో ఆలోచించారా? రీ అంటే వాళ్లందరూ వెనక్కి తిరిగి చూస్తారు. తమవాళ్లే పిలిచారేమోనని... అంతమందికి ఆశ పెట్టి నేను ఎలా వెళ్లిపోను?

గొంతు చిన్నగా వస్తే చిన్నబుచ్చుకోకండి. వీధిలో లారీలు పోతుంటాయి, వినబడకపోతే ఇంకోసారి పిలుస్తాను. బళ్లో సిస్టర్ రెండుసార్లు పిలిచి, పలక్కపోతే ఆబ్సెంట్ వేసేది. నేను వేయను. మీరు 'ప్రెజెంట్ మిస్' అనకపోయినా పర్వాలేదు. తలుపు తెరిచే ఉంచి, కాసేపు పక్కకు తప్పుకొని నిలబడతాను, మీరు దాటడానికి వీలుగా. ఆ తర్వాతే తాళం వేస్తాను.

ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. ఈసారి కామా పెట్టాను.

పంపాపతీ,

రండి.

సరళ